మంచి రేవులు విడిచిన ఓడ



ఈ వారం అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం వెనుక ఉన్న చరిత్ర రాస్తున్నాను. బైబిలు పక్కన తెరిచి పెట్టుకుని చదవండి. నేను ఇది రాయడానికి కారణం ముందే చెప్పాలి. రెండేళ్ల క్రితం ఇదే అధ్యాయం మీద మన ఆదివారపు ఆరాధనలో ప్రసంగించాను. పౌలు మాట వినకుండా మంచి రేవులు విడిచి వెళ్లినవారు మూడు తప్పులు చేశారని చెప్పాను. దైవజనుని మాట కన్నా లోకజ్ఞానాన్ని నమ్మారు, సుఖం కోరుకున్నారు, మెల్లగా వీచిన దక్షిణపు గాలికి మోసపోయారు. ఫలితం ఓడ పగిలిపోవడం. చాలామంది ఆమేన్ అన్నారు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఒక సహోదరి నిలబడింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆమె భర్త వేటకు వెళ్లేవాడు. ఒక నవంబరులో, రెండు రోజులు ఆగమని పెద్దవాళ్లు చెప్పినా పడవ ఎక్కాడు. తిరిగి రాలేదు. "అయ్యగారూ, ఆ ఓడ నడిపినోళ్లు కూడా సముద్రం తెలిసినోళ్లే కదండీ. ఊరికే పోతారా?" అని అడిగింది. ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నప్పుడు ఆమె నాకు గుర్తుకు రాలేదు. బైబిలు కళాశాలలో ఈ అధ్యాయాన్ని ఒకే ఒక్క పీరియడ్‌లో ముగించాం. ఆమె ప్రశ్నకు నా నోట్సులో జవాబు లేదు. అప్పటి నుండి ఈ ప్రయాణం గురించి దొరికినంత చదివాను.

రేవు నుండి రేవుకు

మధ్యధరా సముద్రంలో తెరచాప ఓడల ప్రయాణమంటే నేరుగా గీసిన గీత కాదు. ఒక దీవి చాటు నుండి ఇంకో దీవి చాటుకు, ఒక రేవు నుండి ఇంకో రేవుకు వెళ్లాలి. గాలి ఎదురైతే లంగరు వేసి రోజుల తరబడి కాచుకోవాలి. ఈనాడు యాట్లు అనే తెరచాప పడవల మీద గ్రీసు దీవుల మధ్య తిరిగేవాళ్లు కూడా చాలావరకు ఇలాగే ప్రయాణిస్తారు. ఇంజను, వాతావరణ సూచనలు చేతిలో ఉన్నా, రాత్రికి ఏ మలుపులో లంగరు వేయాలా అన్నదే వాళ్ల మొదటి ఆలోచన.

అన్ని గాలులనూ ఆపే రేవు చాలా అరుదు. ఉత్తరపు గాలికి చాటుగా ఉన్న రేవు దక్షిణపు గాలికి తెరిచి ఉండవచ్చు. అందుకే నావికుడు రేవును చూడగానే మూడు సంగతులు చూస్తాడు. ఏ దిక్కు గాలికి ఇది చాటు? లోతు ఎంత? అడుగున నేల ఎలాంటిది? బంకమన్ను అయితే లంగరు గట్టిగా పట్టుకుంటుంది. నున్నటి రాయి అయితే జారిపోతుంది. మన కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండబట్టి లోపలి సముద్రం ఎంత నెమ్మదిగా ఉంటుందో చూసినవారికి ఈ చాటు విలువ తెలుసు.

లూకా రాసినదంతా ఈ లెక్క ప్రకారమే సాగుతుంది. సీదోను నుండి బయలుదేరాక గాలి ఎదురు కావడంతో ఓడ కుప్ర దీవి చాటున వెళ్లింది. లుకియలోని మూరలో శతాధిపతి యూలి ఖైదీలను అలెక్సంద్రియ ఓడలోకి ఎక్కించాడు. అది ఐగుప్తు గోధుమలను రోమాకు చేర్చే ఓడ. వేసవిలో అక్కడ గాలి ఎక్కువగా ఉత్తర వాయవ్యాల నుండి వీస్తుంది కాబట్టి, ఐగుప్తు నుండి నేరుగా పడమరకు పోలేక ఆ ఓడలు ముందు ఉత్తరానికి, ఆసియా తీరానికి వచ్చేవి. తరువాతి శతాబ్దంలో లూకియాను అనే రచయిత ఇలాంటి ఒక ధాన్యపు ఓడను వర్ణించాడు. దాని పొడవు 120 మూరలు. అంత పెద్ద ఓడలకు ముఖ్యమైన తెరచాప ఒక్కటే, నాలుగు పలకల పెద్ద గుడ్డ. గాలికి ఎదురుగా వంకరగా పోవడం వాటికి బహు కష్టం. అందుకే క్నీదు చేరడానికే చాలా దినాలు పట్టింది. ఇక ముందుకు పోలేక దక్షిణానికి తిరిగి, సల్మోనే కొనను దాటి, క్రేతు దీవి చాటుకు వచ్చారు. అలా వచ్చి చేరిన చోటే మంచి రేవులు.

ఒక యాట్ నావికుడి పరిశోధన

ఈ అధ్యాయాన్ని సముద్రం తెలిసిన కళ్లతో చదివినవాడు జేమ్స్ స్మిత్ అనే స్కాట్లాండు పెద్దమనిషి. 1782లో గ్లాస్గోలో పుట్టాడు. జోర్డన్‌హిల్ అనే ఎస్టేటు ఆయనది. వెస్టిండీస్ దీవులతో వ్యాపారం చేసిన కుటుంబం. ఆ రోజుల్లో ఆ దీవుల చక్కెర బానిసల చెమటతో పండేదన్న సంగతి కూడా మనం మరచిపోకూడదు. స్మిత్ భూగర్భ శాస్త్రం చదివాడు. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం తెరచాప పడవ. దశాబ్దాల పాటు సొంత యాట్ నడిపాడు. కుటుంబంలో అనారోగ్యం వల్ల కొన్నేళ్లు జిబ్రాల్టర్, లిస్బన్, మాల్టా వంటి వెచ్చని చోట్ల ఉండవలసి వచ్చింది. 1844-45 శీతకాలం మాల్టాలో గడిపాడు. మన బైబిలులో మెలితే అని ఉన్న దీవి అదే.

అక్కడ ఆయన అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయాన్ని ఓడ దినచర్య పుస్తకంలాగా చదివాడు. సముద్రపు పటాలు తెప్పించాడు. నౌకాదళ అధికారులను అడిగాడు. ప్రాచీన నాణేల మీద, గోడ చిత్రాల్లో ఓడల నిర్మాణం పరిశీలించాడు. 1848లో పౌలు ప్రయాణం గురించి, ఓడ బద్దలైన సంగతి గురించి తన పుస్తకం ప్రచురించాడు. ఆ తరువాత ఈ అధ్యాయానికి వ్యాఖ్యానం రాసిన పండితుల్లో ఆ పుస్తకం చూడనివాళ్లు తక్కువ. స్మిత్ తేల్చిన సంగతి ఇది: లూకా నావికుడు కాడు, కానీ కళ్లతో చూసినవాడు. నావికుల పని వివరాలను తప్పు లేకుండా రాశాడు.

మంచి రేవులు నిజంగా ఎలాంటి చోటు?

క్రేతు దక్షిణ తీరంలో ఆ రేవు ఇప్పటికీ ఉంది. దాని పేరు నేటికీ గ్రీకు భాషలో అదే, కలీ లిమేనెస్, అంటే మంచి రేవులు. ఇప్పుడు ఎదురుగా ఉన్న చిన్న దీవి మీద ఓడలకు ఇంధనం నింపే ట్యాంకులు కనిపిస్తాయి. పడమటి, వాయవ్యపు గాలులకు ఆ రేవు చాటు. తూర్పు, ఆగ్నేయ దిక్కులకు మాత్రం తెరిచి ఉంటుంది. చిన్న దీవులు కొంత అడ్డం నిలుస్తాయి. శీతకాలమంతా గడపడానికి అది అనుకూలం కాదని లూకా రాసినది ఆ ఓడలోని నావికుల అభిప్రాయం. అందులో అబద్ధం లేదు.

దగ్గర్లో లసైయ అనే పట్టణం ఉందని కూడా లూకా రాశాడు. చాలాకాలం వరకు ఆ పట్టణం ఎక్కడుందో పండితులకు తెలియలేదు. 1856 జనవరిలో హ్యూ టెన్నెంట్ అనే స్కాట్లాండు వ్యక్తి యాట్ సెయింట్ ఉర్సులా ఆ రేవులో ఆగింది. అందులో జార్జి బ్రౌన్ అనే పాస్టరు ఉన్నాడు. వారు ఒడ్డున ఉన్నవాళ్లను లసైయ ఎక్కడ అని అడిగారు. తూర్పు వైపు నడిచి వెళ్లేంత దూరంలో ఉందని, ఇప్పుడు అది పాడుపడిందని వాళ్లు తడుముకోకుండా చెప్పారు. వెళ్లి చూస్తే శిథిలాలు ఉన్నాయి. పండితులకు తెలియని పేరు ఆ ఊరివాళ్ల నోట పద్దెనిమిది వందల ఏళ్లు నిలిచి ఉంది.

ఇప్పుడు ఆ సహోదరి ప్రశ్న దగ్గరకు వద్దాం. ఓడ నడిపినవాళ్లు తెలివి తక్కువవాళ్లా?

కాలం చూడండి. ఉపవాసదినం అప్పటికే గడిచిపోయిందని 9వ వచనంలో ఉంది. అది యూదుల ప్రాయశ్చిత్త దినం. చాలామంది అంచనా వేసినట్టు ఇది క్రీ.శ. 59 అయితే, ఆ దినం అక్టోబరు 5న వచ్చింది. తరువాతి కాలపు రోమా రచయిత వెగెతియుస్ లెక్క ప్రకారం సెప్టెంబరు 14 తరువాత ప్రయాణం అనుమానమే. నవంబరు 11 నుండి మార్చి 10 వరకు సముద్రం మూసేసినట్టే. కాబట్టి ఆ సంవత్సరం రోమాకు చేరలేమని ఓడలో అందరికీ తెలుసు. వాళ్లు అడిగింది రోమా కాదు. పడమర దిక్కున సుమారు 40 మైళ్ల దూరంలో ఉన్న ఫీనిక్సు రేవు. ఈనాటి లూత్రో గ్రామం దగ్గర ఆ చోటు ఉంది. క్రేతు దక్షిణ తీరంలో అంతకన్నా మంచి చాటు దొరకడం కష్టం. గాలి అనుకూలిస్తే ఒక్క పగటి ప్రయాణం.

ఓడలో 276 మంది. రేవు ఒక వైపు తెరిచి ఉంది. నాలుగు నెలల శీతకాలం ముందుంది. ఓడ యజమాని గోధుమ బరువు కూడా మనసులో పెట్టుకుని ఉంటాడు. శీతకాలంలో ధాన్యం తెచ్చే వర్తకులకు తుపాను నష్టం తానే భరిస్తానని క్లౌదియ చక్రవర్తి అంతకు ముందు మాట ఇచ్చాడని రోమా చరిత్రకారుడు సుయెతోనియుస్ రాశాడు. అంటే రోమా ఆకలి కూడా ఆ నావికుల వీపు మీద ఉంది.

పౌలు సంగతి? ఆయన కూడా సముద్రం తెలియనివాడు కాడు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 11:25 చూడండి. ఈ ప్రయాణానికి ముందే మూడుసార్లు ఓడ పగిలి, ఒక రాత్రింబగళ్లు సముద్రంలో గడిపినవాడు. ఆయన హెచ్చరిక అనుభవం నుండి వచ్చింది. స్మిత్ కూడా నావికుడిగా ఆలోచించి పౌలు సలహా వైపే మొగ్గాడు. లూత్రో అంత కాకపోయినా మంచి రేవులు శీతకాలం గడపడానికి పనికివచ్చే చోటేనని, దారిలో ఉత్తరపు గాలి లేస్తే ఓడ నడిసముద్రంలోకి కొట్టుకుపోక తప్పదని ఆయన వాదన.

కాబట్టి ప్రియులారా, ఇది మూర్ఖులకు, జ్ఞానికి మధ్య వాదన కాదు. రెండు వైపులా లెక్క ఉంది. పౌలు లెక్క సరైనది. అయినా రెండో వైపువాళ్లు మీలాగా, నాలాగా ఇంటి బాధ్యత, యజమాని ఒత్తిడి, రానున్న చలికాలం చూసుకుని నిర్ణయం తీసుకున్న మనుషులు. నా ప్రసంగంలో నేను వాళ్లను మూర్ఖులను చేశాను.

కొండ మీద నుండి దిగిన గాలి

దక్షిణపు గాలి మెల్లగా వీచింది. పడమరకు పోవాలనుకున్నవాళ్లకు అంతకన్నా మంచి గాలి లేదు. లంగరు ఎత్తి ఒడ్డును ఆనుకుని వెళ్లారు. కొద్ది మైళ్లలో మతాల అనే కొన వస్తుంది. దాన్ని దాటగానే తీరం ఉత్తరానికి వంగిపోతుంది, ఓడ బయటి సముద్రంలో పడుతుంది. ఆ వైపు పైన ఇదా పర్వతం, 2,456 మీటర్ల ఎత్తు. గాలి ఉత్తరానికి మారిందంటే ఆ కొండల మీద నుండి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. ఈనాటికీ క్రేతు దక్షిణ తీరంలో తిరిగే యాట్ నావికులు ఈ దిగుడు గాలికి భయపడతారు.

ఊరకులోను అని మన బైబిలులో ఉన్నది ఆ గాలి పేరే. ఈశాన్యపు గాలి. ట్యునీషియాలో తుగ్గా అనే రోమా పట్టణపు శిథిలాల్లో రాతి నేల మీద చెక్కిన గాలుల చక్రంలో దానికి దగ్గరి పేరు కనిపించింది. కాబట్టి లూకా రాసినది నావికులు నిజంగా వాడిన మాట.

ఓడ కౌద దీవి వైపు కొట్టుకుపోయింది. ఆ చిన్న దీవి చాటున కొంతసేపు ఊపిరి దొరికింది. అక్కడ వెనక కట్టిన చిన్న పడవను పైకి లాగారు. ఆ పని కష్టమైందని రాస్తూ లూకా "మేము" అన్న మాట వాడాడు. వైద్యుడు కూడా తాడు పట్టుకుని లాగాడన్నమాట. తరువాత ఓడ విడిపోకుండా తాళ్లతో చుట్టూ బిగించారు. ఆఫ్రికా వైపు సూర్తిసు ఇసుకతిప్పల మీద పడకుండా చూసుకున్నారు.

ఇక్కడ స్మిత్ లెక్క ఒకటి ఉంది. కౌద నుండి మాల్టాలోని సెయింట్ పాల్స్ బే ముఖం వరకు సుమారు 476 మైళ్లు. అలాంటి ఓడ అలాంటి గాలిలో గంటకు సుమారు మైలున్నర చొప్పున పక్కకు కొట్టుకుపోతుందని అనుభవమున్న నౌకాదళ అధికారులను అడిగి తెలుసుకున్నాడు. రోజుకు 36 మైళ్లు. భాగించి చూడండి, పదమూడు రోజులు దాటుతుంది. పద్నాలుగో రాత్రి నేల దగ్గరపడినట్టు నావికులకు తోచిందని లూకా రాశాడు.

చీకట్లో వాళ్లకు నేల కనిపించలేదు. ఆ మలుపు మొదట్లో కూరా అనే పల్లపు రాతి కొన ఉంది. అలలు దాని మీద విరిగే చప్పుడు వినిపించి ఉంటుంది. లోతు చూస్తే 20 బారలు, ఇంకాస్త ముందుకు 15 బారలు. ఓడ వచ్చిన దారిలో ఆ లోతులు ఈనాటి పటాల్లో కూడా సరిపోతాయి. వెనుక వైపు నుండి నాలుగు లంగరులు వేశారు. అక్కడ అడుగు నేల లంగరును బాగా పట్టుకునే రకం. తెల్లవారే వరకు లంగరులు జారలేదు.

సరైనవాడు ఏం చేశాడు?

ఈ చరిత్ర చదివాక నేను అధ్యాయంలో ఇంతకు ముందు గమనించని ఒక సంగతి గమనించాను. 10వ వచనంలో పౌలు సరుకుకూ ఓడకూ ప్రాణాలకూ నష్టం కలుగుతుందన్నాడు. 22వ వచనంలో ఓడ తప్ప ఒక్క ప్రాణమూ పోదన్నాడు. తన మొదటి అంచనాను తానే దిద్దుకున్నాడు. మధ్యలో జరిగింది 24వ వచనంలో ఉంది. ఆయనతో ప్రయాణం చేస్తున్న వారందరినీ దేవుడు ఆయనకు అనుగ్రహించాడు. అనుగ్రహించాడంటే, తన మాట వినని ఆ మనుషుల కోసం పౌలు ప్రార్థించి ఉంటాడని నేను నమ్ముతున్నాను.

నా మాట వినవలసింది అని పౌలు ఒకే ఒక్కసారి అన్నాడు, 21వ వచనంలో. ఆ తరువాతి వాక్యమే ధైర్యం తెచ్చుకోమని. అక్కడి నుండి ఆయన పాత సంగతి మళ్లీ ఎత్తలేదు. నావికులు పారిపోకుండా హెచ్చరించాడు. ఆకలితో ఉన్నవాళ్ల ముందు రొట్టె పట్టుకుని దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, ముందు తాను తిన్నాడు. తాను చెప్పింది నిజమైందన్న తృప్తి కన్నా, వాళ్లు బతకడం ఆయనకు ముఖ్యమైంది. ఒడ్డుకు చేరిన 276 మందిలో పౌలు మాట కాదన్న నావికుడు, యజమాని ఉన్నారు. ఖైదీలను చంపాలని ఆలోచించిన సైనికులూ ఉన్నారు.

సరైన మాట చెప్పిన పౌలు కూడా వాళ్లతో సమానంగా పద్నాలుగు రాత్రులు తడిశాడు. వేరే ఓడలో కూర్చుని చూడలేదు. నేను మాత్రం ఆ ఆదివారం పొడిగా ఉన్న వేదిక మీద నిలబడి మాట్లాడాను.

ఒక సంగతి దాచకూడదు. మెలితేలో అందరూ ఒడ్డుకు చేరారు. ఆ సహోదరి భర్త చేరలేదు. పౌలుకు ఆ రాత్రి దొరికిన వాగ్దానం ప్రతి పడవకూ దొరికిందని నేను చెప్పలేను. ఎందుకు ఇలా అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయితే ఆమె భర్త మూర్ఖుడు కాబట్టి పోయాడని, అవిధేయుడు కాబట్టి దేవుడు శిక్షించాడని ఈ అధ్యాయం చెప్పడం లేదు. నా ప్రసంగం అలా వినిపించి ఉంటే, ఆ తప్పు వాక్యానిది కాదు, నాది.

పోయిన నెల వాళ్ల ఇంటికి వెళ్లి ఈ మాట ముందు ఆమెతో చెప్పాను, క్షమించమని అడిగాను. ఆమె బైబిలు తెచ్చి, ఈ అధ్యాయం మొదటి నుండి చదవమంది. చదువుతూ కౌద దగ్గర చిన్న పడవను పైకి లాగిన చోటుకు వచ్చేసరికి ఆపింది. "అలల్లో ఆ పని ఎంత కష్టమో మీకు తెలీదండీ. మా ఆయన చెప్పేవాడు" అంది. ఆమె ఆ రోజు భర్త గురించి చాలాసేపు మాట్లాడింది. ఆ ఇంట్లో ఆయన పేరు తలుచుకోవడానికి నా ప్రసంగం కూడా ఒక అడ్డంగా ఉండిందేమో అనిపించింది.

మన సంఘంలో ఎవరో ఒకరు పెద్దల మాట కాదని వెళ్లి దెబ్బతిన్నవాళ్లు ఉంటారు. అప్పు చేసి గల్ఫ్ వెళ్లిన తమ్ముడు, వద్దన్న పంట వేసిన రైతు, వద్దన్న చోట పిల్లనిచ్చిన తల్లి. మీరు ముందే చెప్పి ఉండవచ్చు. మీ మాట సరైనదే అయి ఉండవచ్చు. ఒకసారి అన్నారు, చాలు. ఇక 22వ వచనం దగ్గరకు రండి. వాళ్ల ఓడ ఎక్కండి, వాళ్లకు రొట్టె అందించండి.

ప్రార్థన: తండ్రీ, మా మాట నిజమైన రోజున మాకు గర్వం రాకుండా కాపాడు. మా మాట వినని వారి కోసం ప్రార్థించే హృదయం ఇవ్వు. సముద్రం నుండి తిరిగి రాని వారి కుటుంబాలను నీ చేతి చాటున దాచు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.